గెడ్డవలస గుడ్ల బ్యాంకు

గెడ్డవలస జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సోషల్ మాస్టారు పీసపాటి భానోజీరావుకి డబ్బు గురించి తెలిసిన సంగతి ఒక్కటే. అది ఒకటో తారీఖున వస్తుంది. ఎప్పుడు పోతుందో, ఎటు పోతుందో, పోయేముందు ఎవరికైనా చెప్పి పోతుందో ఆయనకి తెలీదు. తెలుసుకుందామని ఒకటి రెండుసార్లు కాగితం పెట్టుకుని కూర్చున్నాడు కూడా. పెన్ను మూత తీసేసరికి ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చి, "మాస్టారూ, పెన్ను చేతిలోనే ఉంది కదా, ఇక్కడో సంతకం పడెయ్యండి" అనేవారు. ఆయన పడేసేవాడు.

ఆ సంతకం కథ చెప్పాలి. ఉద్యోగుల సొసైటీలో ఎవరు అప్పు తీసుకోవాలన్నా ఇంకో ఉద్యోగి షూరిటీ పెట్టాలి. తీసుకున్నవాడు ఎగ్గొడితే, షూరిటీ పెట్టినవాడి జీతంలో కోస్తారు. ఈ విషయం మండలంలో ఉన్న పంతుళ్ళందరికీ బాగా తెలుసు. అందుకే అందరూ భానోజీరావు దగ్గరికే వచ్చేవారు. ఆయనకి కాదనడానికి నోరు రాదు. "తోటి మనిషి నమ్మకంతో అడుగుతుంటే ఎలా కాదంటామే?" అనేవాడు భార్య మహలక్ష్మితో.

"నోటితో" అనేది ఆవిడ.

కిందటేడు డ్రాయింగు మాస్టారు సముద్రపొడ్డున రిసార్టు కడతానని పెద్ద అప్పు తీసి, ఉద్యోగం వదిలేసి, ఎటో వెళ్ళిపోయాడు. రిసార్టు ఎక్కడ లేచిందో ఎవరికీ తెలీదు గానీ, దాని వాయిదాలు మాత్రం నెలనెలా భానోజీరావు జీతంలోంచి పోతున్నాయి. "మనం కట్టిన రిసార్టు ఒక్కసారైనా చూసొద్దామండీ, పిల్లలు సరదా పడుతున్నారు" అంటుంది మహలక్ష్మి, పప్పులో నీళ్ళు ఇంకో గ్లాసు పోస్తూ. ఆయనకి తనమీద తనకే నవ్వొస్తుంది, నవ్వితే ఆవిడ ఊరుకోదని పేపరు అడ్డం పెట్టుకుంటాడు.

అలాంటి మనిషిని ఒకరోజు హెడ్మాస్టరు గంటి విశ్వేశ్వరంగారు గదిలోకి పిలిచి, లేచి నిలబడి మరీ చెయ్యి కలిపారు. ఉత్తర్వులు చదివీ చదివీ ఆయన మాట కూడా ఉత్తర్వులాగే తయారైంది. ఇంట్లో మంచినీళ్ళు కావాలన్నా "తక్షణమే సమకూర్చవలసింది" అంటారని గిట్టనివాళ్ళు చెప్పుకునేవారు.

"అభినందనలు మాస్టారూ! మిమ్మల్ని మన పాఠశాల ఆర్థిక బాధ్యతా బోధకులుగా నియమించడమైనది."

"నన్నా?" అని భానోజీరావు వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

"మిమ్మల్నే. పైనుంచి వచ్చిన ఉత్తర్వు చాలా స్పష్టంగా ఉంది. 'ఋణము, హామీ, వాయిదా, వసూలు ఇత్యాది అంశములలో విస్తృతమైన స్వానుభవము గల ఉపాధ్యాయుని ఎంపిక చేయవలెను' అన్నారు. గుమాస్తా చేత అందరి జీతాల పట్టీలూ తీయించాను. కోతల గళ్ళు మీకున్నన్ని ఇంకెవరికీ లేవు. మీ దరిదాపుల్లోకి కూడా ఎవరూ రాలేదు."

నిజం చెప్పొద్దూ, భానోజీరావు కాస్త పొంగిపోయాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన దేనిలోనైనా మొదటి స్థానంలో నిలబడడం అదే మొదలు. ఆ సాయంత్రం ఇంటికి జిలేబీ కూడా పట్టుకెళ్ళాడు. ఎందుకో విన్న మహలక్ష్మికి జిలేబీ ముక్క నోట్లో పెట్టుకోకుండానే పొలమారింది.

దాని పేరు బాలల ఆర్థిక బాధ్యతా మహోద్యమం. చిన్నప్పుడే పిల్లలకి పొదుపూ, అప్పూ, షూరిటీ, వసూలూ నేర్పకపోతే పెద్దయ్యాక బాధ్యత లేని పౌరులైపోతారని ఎక్కడో, ఎవరికో తట్టింది. తట్టడంలో తప్పులేదు. పుస్తకంలో నాలుగు పేజీలు వేసి ఊరుకుంటే ఎవరి సొమ్మూ పోయేది కాదు. కానీ ఉత్తర్వులో 'అనుభవపూర్వకముగా' అన్న మాటొకటి వచ్చి కూర్చుంది. ఆ మాట కూర్చున్నాక ఇంక అది పాఠం కాదు, పథకం.

జిల్లా కేంద్రంలో బోధకులందరికీ సమావేశం పెట్టారు. వేదిక మీద జిల్లా సమన్వయాధికారిగారు కూర్చున్నారు. మనిషి సన్నం, గొంతు లావు. ముందు వరసలోంచి ఒక మాస్టారు భయపడుతూనే లేచాడు.

"సార్, పిల్లల చేతికి బడిలో డబ్బు తగలనివ్వకూడదని పాత ఉత్తర్వు ఒకటుంది. అప్పు అనుభవపూర్వకంగా నేర్పమని ఇప్పుడీ కొత్త ఉత్తర్వు. ఎలా సార్?"

సమన్వయాధికారిగారు చిరునవ్వు నవ్వారు. "రెండు ఉత్తర్వులును అమలులో నున్నప్పుడు రెండింటినీ అమలు చేయవలసియుండును. ద్రవ్యము లేకుండా ద్రవ్యబోధన! ఈ మహోద్యమంలోని నవ్యత అంతా అక్కడే ఉన్నది."

భానోజీరావు వెనక బల్ల మీదున్నాడు. పొద్దున్న ఉప్మా తిన్నాడు, అది ఎప్పుడో అరిగిపోయింది. కింద భోజనాల వాసన కిటికీలోంచి కొడుతోంది. పక్కాయన చెవిలో, "అయితే మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టి నేర్పాలి కాబోలు!" అన్నాడు. పక్కాయన కిసుక్కున నవ్వాడు.

"ఎవరది? వెనక! లేచి అందరికీ వినిపించేటట్టు చెప్పవలసింది."

హాస్యానికన్నానండీ అనేస్తే పోయేది. కానీ అధికారి అడిగింది కాదనడం భానోజీరావు జాతకంలోనే లేదాయె. లేచి నిలబడి, "అదేనండీ... కోడిగుడ్డు..." అని నీళ్ళు నమిలాడు.

హాలు నవ్వబోయింది. సమన్వయాధికారిగారు నవ్వలేదు. ఆయన కళ్ళు మెల్లిగా విచ్చుకున్నాయి.

"గుడ్డు! ప్రతి విద్యార్థికీ సమానముగా అందునది. ధనిక, పేద తేడా లేనిది. నకిలీ చేయుటకు వీలుకానిది. ఆకారములో కూడా, చూడండి, నాణెమునకు దగ్గరగానే ఉన్నది! ఈ క్షణము నుండి ఉడికించిన కోడిగుడ్డును బోధనా ద్రవ్యముగా పరిగణించవలెను. మీ పాఠశాల ఏది?"

"గెడ్డవలసండీ."

"గెడ్డవలస నమూనా!" అన్నారాయన. అందరూ చప్పట్లు కొట్టారు. పక్కాయన అందరికంటే గట్టిగా కొట్టాడు. తన ఊరి పేరు అలా చప్పట్ల మధ్య వినపడేసరికి భానోజీరావుకి, సిగ్గులేని మాట గానీ, ఒళ్ళు పులకరించింది. బస్సులో తిరిగొస్తూ దారి పొడుగునా 'నేనేనా అన్నది!' అనుకున్నాడు.

వారం తిరక్కుండా వరండాలో బల్ల వేసి, బోర్డు రాసి, గెడ్డవలస గుడ్ల బ్యాంకు తెరిచారు. తెరిచాక భానోజీరావుకి ఒక అనుమానం వచ్చింది. ఉడికిన గుడ్డు కదా, దాస్తే మర్నాటికి కంపు కొట్టదూ?

"బ్యాంకులో వేసిన డబ్బు బ్యాంకులోనే ఉంటుందనుకుంటున్నారా మాస్టారూ?" అన్నారు విశ్వేశ్వరంగారు. "ఇటునుంచి వేస్తే అటునుంచి అప్పుగా వెళ్ళిపోతుంది. ఇదీ అంతే."

ఆయన ఏ ఉత్తర్వూ చూడకుండా సొంతంగా ఆలోచించి చెప్పిన మాట సర్వీసు మొత్తం మీద అదొక్కటే. కొంప ముంచిందీ అదే.

పద్ధతి చాలా సులువు. పొదుపు చేసుకునే పిల్ల ఆ రోజు గుడ్డు తినదు. ఆ గుడ్డుని అప్పు కావలసినవాడు తింటాడు. వచ్చే వారం వాడు ఒకటిన్నర గుడ్డు తిరిగివ్వాలి. ఆ అరగుడ్డు వడ్డీలో సగం పొదుపు చేసిన పిల్లకి, మిగతా సగం పాలనా వ్యయం కింద హెడ్మాస్టరుగారి బల్ల మీదికి. వంట చేసే సింహాచలమ్మ దారం ముక్క పెట్టి గుడ్డుని సగాలుగా, పావులుగా కోసేది. "నా జన్మలో గుడ్డుకి ఇన్ని ముక్కలు సెయ్యనేదు బాబూ, పెళ్ళి లడ్డూనైనా ఇంత పొదుపుగా పంచరు" అని నవ్వేది. నవ్వకూడదని ఆవిడకి మెమో ఇవ్వబోయారు గానీ ఆవిడకి చదవడం రాదని ఊరుకున్నారు.

ఇక పాఠాలు. పొదుపు మీద భానోజీరావు ఏం చెప్పలేకపోయాడు. ఎప్పుడైనా చేస్తే కదా. వడ్డీ దగ్గర తడబడి లెక్కల మాస్టారి మీదికి తోసేశాడు. షూరిటీ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయనకి గొంతు వచ్చింది. సొంత సంసారమంతా అందులోనే ఉందాయె!

"అప్పు తీసుకోవాలంటే ఇద్దరు తోటివాళ్ళు షూరిటీ నిలబడాలి. తోటివాడు అడిగాడంటే మన మీద నమ్మకం ఉండబట్టే అడిగాడు. కాదంటే రేపు వాడి మొహం ఎలా చూస్తాం? ఒక్క సంతకం! చేతికి నొప్పా, కాలికి నొప్పా?" అంటూ చేతులూపి చెప్పాడు. చెప్తుంటే ఆయనకే కళ్ళు చెమర్చాయి. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఇన్నేళ్ళలో అశోకుడు, అక్షాంశాలు, పానిపట్టు యుద్ధాలు ఏవీ ఎక్కని బుర్రల్లోకి ఈ ఒక్క పాఠం సూటిగా దిగింది.

అందరికంటే ఎక్కువ దిగింది ఏడో తరగతి నూకరత్నానికి. తల్లి జీడిపిక్కల బట్టీలో పనికెళుతుంది. ఇంట్లో కోడీ లేదు, గుడ్డూ లేదు. ఆ పిల్ల గుడ్డు తినే తీరు చూడాలి! ముందు తెల్లసొన చుట్టూ కొరుక్కుని, పచ్చసొన పళ్ళెం అంచున దాచుకుని, అన్నమంతా అయ్యాక కళ్ళు మూసుకుని నోట్లో వేసుకునేది. అడిగితే కాదనలేని గుణం మాత్రం భానోజీరావు కడుపున పుట్టినట్టే వచ్చింది. ఎవరొచ్చి అడిగినా వేలిముద్ర వేసినంత తేలిగ్గా సంతకం చేసేది.

మొదటి నెల గడిచాక ఫోనొచ్చింది. అందరూ వినేలా విశ్వేశ్వరంగారు స్పీకరు పెట్టారు.

"గెడ్డవలస! నమూనా పాఠశాల అయ్యుండి మీ దగ్గర ఋణరహిత విద్యార్థులు సగానికి పైగా ఉన్నారు. ఇది మిక్కిలి ఆందోళనకరమైన పరిస్థితి. పక్క మండలంలో అప్పు లేని బిడ్డ ఒక్కడూ లేడు!"

"అప్పు వద్దంటున్నారండీ కొందరు" అన్నాడు భానోజీరావు.

"వద్దన్నవారి నుండి లిఖితపూర్వక సంజాయిషీ తీసుకొనవలసింది."

దాంతో భానోజీరావు తరగతి తరగతికీ తిరిగి అప్పులిచ్చాడు. ఆరో తరగతిలో ఒక బక్కపిల్లాడు ఎంతకీ లొంగలేదు.

"నా గుడ్డు నాకుంది కద సార్. అప్పెందుకు?"

"ఉన్న గుడ్డు నీ ఆస్తిరా. అప్పు నీ పరపతి. పరపతి లేనివాణ్ణి రేపు ఎవడు నమ్ముతాడు?"

"ఇప్పుడు నమ్మడం నేదేటి?"

భానోజీరావు తల గోక్కున్నాడు. ఆ ప్రశ్నకి సొసైటీ ప్రెసిడెంటు కూడా జవాబు చెప్పలేడు. "ఎదురు మాట్లాడకు, రెండు గుడ్లు తీసుకో" అని అంటగట్టి వచ్చేశాడు. పిల్లాడు ఆ రోజు రెండూ తిని బెంచీ మీద పడుకున్నాడు.

అప్పులు పెరిగాయి. పదో తరగతి సన్నిబాబు అన్ని తరగతుల దగ్గరా తీసుకున్నాడు. వాలీబాలు ఆడతాడు, చెయ్యెత్తు మనిషి, నవ్వుతూ అడుగుతాడు. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు, కొత్తదాని వడ్డీకి ఇంకో అప్పు. అన్నిటికీ ఒక షూరిటీ నూకరత్నం, రెండో షూరిటీ దాని బెంచీ స్నేహితురాలు దాలమ్మ. సన్నిబాబుని చూసి సమన్వయాధికారిగారు జిల్లా అంతటికీ 'అత్యుత్తమ ఋణగ్రహీత' అని పత్రం పంపారు. పత్రం చేతికొచ్చిన వారానికి సన్నిబాబు తండ్రి పనికోసం ఊరు మారిపోయాడు. వెనకాలే సన్నిబాబూ, వాడి టీసీ కూడా వెళ్ళిపోయాయి.

ఇంకేముంది, బకాయిలు షూరిటీల మీద పడ్డాయి. గుడ్డు పెట్టే ప్రతిరోజూ నూకరత్నం వరసలో నిలబడేది. సింహాచలమ్మ పళ్ళెంలో గుడ్డు వేసేది, వేసిన గుడ్డుని పక్కనే ఉన్న విశ్వేశ్వరంగారు చెంచాతో తీసి 'జమ' అని ఇంకో పళ్ళెంలో వేసేవారు. ముందే వెయ్యకుండా ఉండొచ్చు కదా అంటే, "పంపిణీ వేరు, వసూలు వేరు. రెండూ విడివిడిగా జరగాలి" అన్నారాయన. ఆ పిల్ల తన పళ్ళెంలో గుడ్డు పడడమూ చూసేది, లేవడమూ చూసేది. తర్వాత వెళ్ళి చారన్నం తినేది. ఏడవలేదు, ఎవరితోనూ చెప్పలేదు. సన్నిబాబు చేసిన అప్పు తీరాలంటే ఆ పిల్ల వేసవి సెలవుల దాకా గుడ్డు మొహం చూడక్కర్లేదు. దాలమ్మా అంతే.

నాలుగు రోజులు భానోజీరావు చూడనట్టు ఊరుకున్నాడు. అయిదో రోజు ఊరుకోలేక వెళ్ళి ఆ పిల్ల పక్కన గచ్చు మీద చతికిలబడ్డాడు.

"నూకరత్నం, నీకు కోపం రావట్లేదుటమ్మా?"

"ఎవుల మీద సార్?"

"సన్నిబాబు మీద. పోనీ, నా మీద."

ఆ పిల్ల చారన్నం కలుపుతూ ఆలోచించింది. "మీకూ జీతంలో కోసెత్తన్నారంట కద సార్. మా వీధిలో అందరూ సెప్పుకుంతారు. మీరేటైనా అన్నారేటి? ఊరుకున్నారు కద. నానూ అలగే ఊరుకున్నాను."

చెంప మీద కొట్టినా ఆయనకి అంత తగిలేది కాదు. ఇంతకాలం తన సంగతి తలుచుకుని నవ్వుకునేవాడు. అమాయకుణ్ణనీ, మంచివాణ్ణనీ, లోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది. ఆ మంచితనం ఎదురుగా పన్నెండేళ్ళ పిల్ల రూపంలో కూర్చుని ఉత్త చారన్నం తింటుంటే చూడలేకపోయాడు. 'ఛీ, నేనెంత వెధవని!' అనుకున్నాడు. ఎలాగైనా సరే ఈ పిల్లకి గుడ్డు పెట్టించాలనుకుని లేచాడు.

తిన్నగా విశ్వేశ్వరంగారి గదికి వెళ్ళి, మాఫీ చెయ్యమని అడిగాడు.

"మాఫీయా!" అని ఆయన కుర్చీలో వెనక్కి పడ్డంత పని చేశారు. "ఆ మాట ఈ ఆవరణలో ఉచ్చరించరాదు మాస్టారూ. ఒకసారి మాఫీ చేస్తే పిల్లల్లో ఆర్థిక క్రమశిక్షణ ఏం కాను? రేపు ఊరికే గుడ్డు పెట్టమంటారు!"

"మొన్నటిదాకా ఊరికేనే పెట్టాం కదండీ."

"అది మహోద్యమానికి పూర్వం."

మర్నాడు భానోజీరావు తన ఇంట్లో రెండు గుడ్లు ఉడకబెట్టించి, రుమాల్లో చుట్టి తెచ్చి, గుట్టుగా నూకరత్నం పళ్ళెంలో ఒకటి, దాలమ్మ పళ్ళెంలో ఒకటి వేశాడు. మహలక్ష్మి పెంకు కూడా ఒలిచి పంపింది. పిల్లలు చెయ్యి పెట్టేలోపే గుమాస్తా చూశాడు, ఆ సాయంత్రానికే భానోజీరావు చేతికి మెమో వచ్చింది. 'బ్యాంకు ద్వారా జారీ కాని గుడ్లను పాఠశాల ఆవరణలో చలామణిలోనికి తెచ్చి, తద్వారా నకిలీ ద్రవ్యమును ప్రవేశపెట్టి, గుడ్డు యొక్క విలువకు భంగము కలిగించినందులకు మీపై ఏల చర్య తీసుకొనరాదు?' రెండు గుడ్లనీ సాక్ష్యం కింద సీలు వేసి హెడ్మాస్టరుగారి గదిలో బీరువాలో పెట్టారు. మూడో రోజుకి ఆ గదిలోకి ఎవరూ వెళ్ళలేకపోయారు. అయినా సాక్ష్యం సాక్ష్యమే కాబట్టి కదపలేదు. విశ్వేశ్వరంగారు కుర్చీ బయట వేపచెట్టు కింద వేయించుకుని పాలన సాగించారు.

మెమోకి భానోజీరావు సంజాయిషీ రాసేలోపు ఇంకో కబురొచ్చింది. ఒక్క ఫిర్యాదు లేకుండా, ఒక్క కన్నీటి చుక్క లేకుండా బకాయి కడుతున్నందుకు చిరంజీవి నూకరత్నాన్ని జిల్లా 'ఆదర్శ హామీదారు'గా ఎంపిక చేశారుట. సమన్వయాధికారిగారు స్వయంగా వచ్చి సన్మానిస్తారుట.

వచ్చారు. వరండాలో బ్యానరు కట్టారు, ఫొటోగ్రాఫరు వచ్చాడు. నూకరత్నానికి ఎవరిదో కొత్త లంగా తొడిగారు, అది కాళ్ళకి అడ్డం పడుతోంది. పిల్లలంతా ఎండలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. సమన్వయాధికారిగారు మైకు పట్టుకున్నారు.

"ఈ బాలిక ఒక్కనాడును నాకు ఆకలి అనలేదు. ఇది నాది అనలేదు. ఇటువంటి పౌరులే దేశమునకు కావలెను! ఈమెకు బహుమానముగా ఏమివ్వవలెనని మేము దీర్ఘముగా సమాలోచించి, ఈమె అర్థం చేసుకొనగలిగిన ద్రవ్యములోనే ఇవ్వదలచినాము."

ఇత్తడి పళ్ళెంలో, చేమంతుల మధ్య ఉడికించి ఒలిచిన గుడ్డు ఒకటి తెచ్చారు. ఆయన దాన్ని రెండు చేతులతో ఎత్తి ఆ పిల్ల దోసిట్లో పెట్టారు. చప్పట్లు మోగాయి, ఫొటో అయింది. ఆ పిల్ల గుడ్డు కేసి చూసింది. ముక్కు దగ్గరికి తెచ్చుకోబోయింది.

అప్పటికే పక్కనుంచి విశ్వేశ్వరంగారి పళ్ళెం ముందుకొచ్చింది. "అమ్మాయీ, బహుమానమైనా ఆదాయమే. బకాయి ఉంది కాబట్టి ఇందులో జమ చేయవలసింది."

"ఆగండాగండి, జమ చేస్తున్నట్టు ఒక ఫొటో!" అన్నాడు ఫొటోగ్రాఫరు.

నూకరత్నం అలవాటుగా చెయ్యి చాపింది. చాపిన చేతి వేళ్ళు మాత్రం గుడ్డుని వదల్లేదు. అది చూశాడు భానోజీరావు.

"తినెయ్!" అని అరిచాడు.

అందరూ తిరిగి చూశారు. తన గొంతేనా అని ఆయనా ఉలిక్కిపడ్డాడు. అయినా ఆగలేదు. "చూస్తావేంటమ్మా, నోట్లో పెట్టేసుకో! నీదే అది! తినెయ్!"

ఆ పిల్ల ఆయన కేసి చూసింది, పళ్ళెం కేసి చూసింది. టపీమని గుడ్డు మొత్తం నోట్లో కుక్కేసుకుంది. బుగ్గలు రెండూ బంతుల్లా ఉబ్బాయి. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా నమలడం మానలేదు. ఎండలో కూర్చున్న పిల్లలంతా ఒక్కసారి గోలగోలగా నవ్వారు. చాలా రోజులకి నవ్వారు. విశ్వేశ్వరంగారి పళ్ళెం గాల్లో అలాగే ఉండిపోయింది.

"ఏమిటిది!" అన్నారు సమన్వయాధికారిగారు, మైకు ఆపడం మరిచిపోయి. "వసూలు కావలసిన ఆస్తిని అధికారుల సమక్షములో మింగుటయా! దీనికి బాధ్యులెవరు?"

"నేనేనండీ" అన్నాడు భానోజీరావు. "నేనే మింగమన్నాను. బాకీ ఉంటే నా జీతంలో కోసుకోండి, అక్కడ అలవాటే. పిల్లల కంచంలో మాత్రం ఇంక చెయ్యి పెట్టనివ్వను. ఈ దిక్కుమాలిన మాట అసలు నా నోట్లోంచే వచ్చిందండీ. ఆకలేసి అన్నాను ఆ రోజు. హాస్యానికన్నాను. అప్పుడే చెప్పాల్సింది, నాకు దమ్ము లేకపోయింది."

సమన్వయాధికారిగారు ఆయన్ని ఎగాదిగా చూశారు. హాస్యం అనే మాట ఆయన వినక చాలాకాలమైనట్టుంది. కారెక్కబోతూ అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు: "గెడ్డవలస పాఠశాల ఈ మహోద్యమమున కొనసాగుటకు అనర్హమైనదిగా ప్రకటించడమైనది. తదుపరి ఉత్తర్వుల వరకు ఇచ్చటి విద్యార్థులు గుడ్లను తినుటకు మాత్రమే అనుమతింపబడుదురు."

భానోజీరావుకి ఇంక్రిమెంటు ఒకటి ఆపేశారు. జీతం పట్టీలో కోతల గడి ఇంకోటి పెరిగింది. విశ్వేశ్వరంగారు మూడో రోజుకి బీరువా కడిగించుకుని తన గదిలోకి వెళ్ళిపోయారు. మహలక్ష్మి విషయమంతా వింది. ఆ రాత్రి పప్పు చిక్కగా వండింది.

మళ్ళీ గుడ్డు పెట్టే రోజు వచ్చింది. గరిటె తనే పట్టుకుంటానన్నాడు భానోజీరావు. సింహాచలమ్మని పక్కకి జరగమని, గుడ్ల గిన్నె దగ్గర పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. పిల్లలు కేరింతలు కొడతారనీ, 'మా సార్!' అంటారనీ పొద్దున్నుంచీ లోపల్లోపల ఊహించుకుంటూనే ఉన్నాడు. అంతటి మనిషి ఆయన.

వరసలో ముందు నూకరత్నం వచ్చింది. పళ్ళెంలో గుడ్డు పడగానే అక్కణ్ణుంచి ఒక్క పరుగున వెళ్ళిపోయి స్తంభం చాటున కూర్చుని తినేసింది. దాని వెనక దాలమ్మ. ఆయన గుడ్డు పట్టుకుని చెయ్యి చాపేసరికి ఆ పిల్ల పళ్ళెం వెనక్కి లాక్కుని వీపు వెనక పెట్టుకుంది.

"ఏమ్మా, తీసుకో."

"నాకు షూరిటీ ఎవులూ నేరు సార్."

"షూరిటీ ఎందుకే పిచ్చిదానా, అదంతా అయిపోయింది. ఇది నీదే. ఊరికే తిను."

దాలమ్మ కదల్లేదు. ఆయన మొహంలోకి పరీక్షగా చూసింది.

"ఊరికే అంటే వడ్డీ ఎంత సార్?"

వరసలో వెనకున్న పిల్లలు కూడా మాట్లాడ్డం ఆపి, ఆయన చెప్పే అంకె కోసం చూస్తున్నారు. ఒక్కొక్కళ్ళూ పళ్ళేలు మెల్లిగా వెనక్కి తీసుకుంటున్నారు. ఏ గడుసు పిల్లలో అయితే ఆయన నవ్వేసేవాడు. కానీ వీళ్ళందరూ ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే, చెప్పింది చెప్పినట్టు నేర్చుకున్నవాళ్ళే. ఆయనకి ఏడుపొచ్చింది. గరిటె పక్కన పడేసి, దాలమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుని, గుడ్డు రెండు ముక్కలు చేశాడు.

"ఆ అను తల్లీ" అని ఒక ముక్క తన చేత్తో ఆ పిల్ల నోట్లో పెట్టాడు.

దాలమ్మ నమిలింది. నమిలినంతసేపూ, దీన్ని అప్పు కింద ఎక్కడ రాసుకుంటాడోనని ఆయన రెండో చేతికేసే చూస్తూ ఉంది.